ముందు ఖాళీగా పంపమన్నాను

ఒక మనిషి మీద నాకు పగ ఉంది. అది దాచుకోవలసిన విషయం కాదని నా కూతురు అంటుంది కాబట్టి మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను. ఆయన హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూలుకు కరస్పాండెంటు. నేను ఆ స్కూల్లో తొమ్మిదేళ్లు ఫిజిక్సు చెప్పాను. నా భర్త గుండెపోటుతో పోయిన ఏడాదే చేరాను. టీచరు పిల్ల కాబట్టి నా కూతురికి అక్కడే సీటు ఇచ్చారు. ఆ కృతజ్ఞత నా మెడ మీద ఎప్పుడూ ఒక చెయ్యి వేసి ఉండేది. ఆయన ఏది చెప్పినా "సరే సార్" అనడం అలవాటైపోయింది.

కరోనాకు ముందు డిసెంబరులో, ఒక శుక్రవారం సాయంత్రం, ఎనిమిదో తరగతి పిల్లలను స్కూలు అయ్యాక కూడా ఆపి, ల్యాబులో ప్రొజెక్టరుతో గోడ మీద ఒక రాకెట్టు ప్రయోగాన్ని ప్రత్యక్షంగా చూపించాను. అమెరికా ప్రభుత్వం తన వ్యోమగాములను స్పేస్ స్టేషన్‌కు పంపడానికి సొంతంగా నౌకలు కట్టడం మానేసి, ఆ పనిని రెండు ప్రైవేటు కంపెనీలకు అప్పగించింది. కట్టేది ఎవరైనా ఒక షరతు మాత్రం ఉంది. మనుషులు ఎక్కే ముందు నౌక ఒకసారి ఖాళీగా వెళ్లి రావాలి. మొదటి కంపెనీ నౌక ఆ మార్చిలోనే ఖాళీగా వెళ్లి క్షేమంగా దిగింది. రెండు నెలలు తిరక్కుండానే అదే నౌకను నేల మీద పెట్టి ఇంజన్లు పరీక్షిస్తుంటే ముక్కలుముక్కలుగా పేలిపోయింది. లోపల ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ శుక్రవారం రెండో కంపెనీ వంతు. సీట్లో నీలం సూటు తొడిగిన బొమ్మను కూర్చోబెట్టారు. ఆ బొమ్మ ఒంటి నిండా సెన్సార్లు. మనిషి శరీరానికి ఎంత కుదుపు తగులుతుందో అది చెబుతుంది.

రాకెట్టు బాగానే లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ తర్వాత నౌక దారి తప్పింది. రాకెట్టు నుంచి అది సమయం తెలుసుకోవలసి ఉండగా తప్పు సమయం తీసుకుంది. దాని గడియారం పదకొండు గంటలు తేడాగా నడిచింది. ప్రయాణంలో తానెక్కడో ముందున్నానని అనుకుని అక్కర్లేని చోట ఇంధనం మండించేసింది. స్టేషన్‌కు చేరలేకపోయింది. అది ఇంకా పైన తిరుగుతుండగానే కింద ఇంజనీర్లు ప్రోగ్రామంతా మళ్లీ వెతికితే ఇంకో తప్పు బయటపడింది. దాన్ని సరిచేయకపోతే తిరిగి వచ్చేటప్పుడు విడిపోయిన వెనక భాగం వచ్చి మనుషులుండే భాగాన్నే గుద్దేది. సరిచేశారు. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో దీపాలు వెలిగే వేళకు, అక్కడ ఇంకా తెల్లవారని ఒక ఎడారిలో, మూడు పారాచూట్ల కింద ఊగుతూ దిగింది. నేను, నా కూతురు ఫోనులో చూశాం. బొమ్మ క్షేమం.

సోమవారం అసెంబ్లీలో ఈ సంగతంతా చెప్పాను. ఖాళీగా ఉన్నప్పుడు ఓడిపోవడం ఓటమి కాదని, అది ఓడిపోయింది కాబట్టే రేపు ఎక్కబోయే మనుషులు బతుకుతారని చెప్పాను. నా వెనక కుర్చీలో కూర్చున్న కరస్పాండెంటు శ్రద్ధగా విన్నారు. ఆయనకు నచ్చింది నేను చెప్పిన పాఠం కాదు, పారాచూట్ల కింద దిగే ఆ బొమ్మరిల్లు లాంటి నౌక.

జనవరి చివర్లో వార్షికోత్సవం. ముఖ్య అతిథి రాగానే మూడో అంతస్తు మిద్దె మీది నుంచి స్టేజి పక్కకు ఒక "క్యాప్సూల్" దిగాలని, అందులోంచి వ్యోమగామి వేషంలో ఒక విద్యార్థి జెండా ఊపుతూ బయటికి రావాలని ఆయన నిర్ణయించారు. పెద్ద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుకు ఒక పక్క తలుపు కోసి, వెండి రంగు వేశారు. మిద్దె మీది నుంచి నేల మీద పాతిన ఇనుప స్తంభం దాకా ఏటవాలుగా తీగతాడు లాగారు. ట్యాంకు పైన కప్పీ, కొక్కెం పెట్టి తాడు మీద జారేలా చేశారు. షామియానాలు వేసే మనుషులే కట్టారు. ఎవరూ ఏ లెక్కా వేయలేదు.

నేను ఆయన గదికి వెళ్లి, ముందు ఖాళీగా పంపమన్నాను. రెండుసార్లు ఖాళీగా, రెండుసార్లు ఇసుక మూటలతో పంపి చూసి ఆ తర్వాత ఆలోచిద్దామన్నాను. ఆయన నవ్వారు.

"ఖాళీ డబ్బా దిగితే ఎవరు చప్పట్లు కొడతారమ్మా?" అన్నారు. "మీ అమెరికావోల్లు ఖాళీగా పంపి ఏం సాధించినారు? దారి తప్పిందని నువ్వే చెప్తివి కదా."

నేను ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయనతో వాదించాను. చివరికి ఆయన ఒప్పుకున్నారు. పిల్లలెవరూ ఎక్కరు, బొమ్మ ఎక్కుతుంది. ధర్మవరంలో మా అన్నకు వెల్డింగు షాపు ఉంది. అన్న అక్కడి పట్టుచీరల అంగడి నుంచి చీర కట్టి నిలబెట్టే బొమ్మను ఒకదాన్ని అడిగి తెచ్చి ఇచ్చాడు. దానికి తెల్ల సూటు కుట్టించాం. నా కూతురే హెల్మెట్టు చేసింది, అట్టతో. తను ఎక్కలేకపోతున్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

ఆ సాయంత్రం నన్ను ముఖ్య అతిథిని ఆహ్వానించడానికి పూలగుత్తితో గేటు దగ్గర నిలబెట్టారు. గేటు నుంచి స్టేజి కనబడదు, మధ్యలో బిల్డింగు అడ్డం. అతిథి కారు వచ్చింది. లోపలికి తీసుకువెళ్తుంటే మైకులో కౌంట్‌డౌన్ వినబడింది. పిల్లలంతా కలిసి పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. మేం బిల్డింగు మలుపు తిరిగే సరికి ట్యాంకు తాడు మీద జారుతోంది. తలుపులోంచి ఒక చెయ్యి జెండా ఊపుతోంది. బొమ్మ చెయ్యి ఎలా ఊగుతోందా అని నేను ఆశ్చర్యపోయాను. అది అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. అర్థమయ్యే లోపే కప్పీ ఒకచోట బిగుసుకుంది. ట్యాంకు ఒక్కసారి ముందుకు ఊగింది. కొక్కెం తప్పుకుంది. ఒక అంతస్తుకు పైనే ఎత్తు. అది పడిన చప్పుడు ఎవరో ఖాళీ డ్రమ్మును బండ మీద వేసినట్టు వినబడింది.

తలుపు కిందికి వచ్చేలా పడింది. నలుగురు కలిసి దొర్లిస్తే గానీ నా కూతురు కనబడలేదు. ఎడమ తొడ ఎముక విరిగింది. చీలమండ నలిగిపోయింది. నన్ను చూసి ఏడవలేదు. "కోప్పడొద్దు మా, సారే ఎక్కమన్నారు" అంది.

తర్వాత నాకు తెలిసింది ఇది. అతిథి కారు ఊళ్లోకి వచ్చిందని ఫోను రాగానే కరస్పాండెంటు మిద్దె మీదికి వెళ్లారు. బొమ్మ చెయ్యి ఊపదు కదా అన్నారు. అక్కడే హెల్మెట్టు పట్టుకుని నిలబడ్డ నా కూతుర్ని ఎక్కుతావా అని అడిగారు. పదమూడేళ్ల పిల్ల ఎక్కనని ఎందుకు అంటుంది? డ్రిల్లు మాస్టారు ఎత్తి లోపల కూర్చోబెట్టారు. మరుసటి రోజు పిల్లను బెంగుళూరుకు తీసుకెళ్లే ముందు, తన సంచీ కోసం మిద్దె మీదికి వెళ్తే బొమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తెల్ల సూటు మీద మరక కూడా లేదు.

అక్కడితో అయిపోతే బహుశా దాన్ని ప్రమాదం అనుకుని ఏడ్చి ఊరుకునేదాన్నేమో. నేను బెంగుళూరులో ఆపరేషను థియేటరు బయట కూర్చున్న రోజున స్కూల్లో ఒక కాగితం తయారైంది. ఆ క్యాప్సూల్ ఆలోచన, తయారీ అంతా సైన్సు టీచరుదేనని, తన కూతురే హీరోయిన్‌గా కనబడాలన్న ఆశతో యాజమాన్యం వద్దన్నా వినకుండా ఆమే ఎక్కించిందని అందులో రాశారు. పదకొండు మంది టీచర్లు సంతకాలు పెట్టారు. మొదటి సంతకం డ్రిల్లు మాస్టారుది. అంతమంది రాసి ఇచ్చాక పోలీసులు మాత్రం ఏం చేస్తారు, ఆ ప్రకారమే కేసు మూసేశారు. నన్ను ఉద్యోగం నుంచి తీసేశారు. ఊళ్లో నేను కూరగాయలు కొనడానికి వెళ్తే, కన్న కూతుర్ని డ్రమ్ములో పెట్టి తోసిన తల్లి ఈమేనని ఒకామె ఇంకొకామెకు చూపించింది.

హిందూపురం వదిలి ధర్మవరంలో అన్న ఇంటి పక్క పోర్షనుకు వచ్చేశాం. అంతలో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. ఫిజియోథెరపీకి వెళ్లడానికి లేకుండా పోయింది. డాక్టరు ఫోనులో చెప్పినట్టు ఇంట్లోనే కాలికి బరువు కట్టి లేపించేదాన్ని. ఎముక అతుక్కుంది గానీ కాలు ఒక అంగుళం పొట్టిదైపోయింది. ఆ పిల్ల నడిస్తే ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా వినబడుతుంది. వంటింట్లో ఉన్నా ఆ శబ్దం నాకు తెలుస్తుంది.

నా పగ ఆ శబ్దంతో పెరిగింది. పొద్దున లేవగానే ముందు ఆయన ముఖమే గుర్తొచ్చేది. నమాజు అయ్యాక దువాకు చేతులెత్తి కూతురి కాలు బాగుచేయమని అడిగేదాన్ని. ఆ చేతులు దించకుండానే ఆయన కాలు విరగ్గొట్టమని కూడా అడిగేదాన్ని. రెండూ ఒకే గొంతుతో అడిగాను. పిల్లలకు ట్యూషన్లు చెబుతూ, స్వేచ్ఛగా పడే వస్తువు వేగం బోర్డు మీద లెక్కవేస్తూ, అంత ఎత్తు నుంచి ఆయన బరువు మనిషి పడితే నేలను ఎంత వేగంతో తాకుతాడో మనసులో ఇంకో లెక్క వేసుకునేదాన్ని.

నౌకల సంగతి మాత్రం మేమిద్దరం వదల్లేదు. తను మంచంలో ఉన్న రోజుల్లోనే మొదటి కంపెనీ నౌకలో ఇద్దరు మనుషులు వెళ్లారు. ఆ వీడియో మరుసటి రోజు చూశాం. దారి తప్పిన రకం నౌకను మాత్రం రెండో కంపెనీ మళ్లీ ఖాళీగానే పంపుతానంది. మళ్లీ పంపబోయే ముందు తేమ వల్ల కవాటాలు బిగుసుకుపోయాయని తెలిసి, రాకెట్టు మీద నుంచి దించి షెడ్డుకు తీసుకెళ్లారు. ఇంకో తొమ్మిది నెలలు ఆగారు. అప్పుడు ఖాళీగా పంపితే స్టేషన్‌కు చేరింది, తిరిగి వచ్చింది. నా కూతురు అప్పుడు పదో తరగతి పరీక్షలు రాసింది. "వాల్లకు ఎంత ఓపికో చూడు మా" అంది. మిద్దె మీద ఆ సాయంత్రం రెండుసార్లు ఖాళీగా జార్చి చూడడానికి పది నిమిషాలు చాలేవి.

మొన్న మొన్న, రెండు వేల ఇరవై నాలుగులో, ఆ నౌకలో తొలిసారిగా ఇద్దరిని పంపారు. అది స్టేషన్‌కు చేరే లోపే గ్యాసు కారడం, దిశ మార్చే చిన్న ఇంజన్లు కొన్ని ఆగిపోవడం జరిగింది. కొద్ది రోజులకని వెళ్లినవాళ్లు నెలలు ఉండిపోయారు. చివరికి వాళ్లను అక్కడే ఉంచి నౌకను ఖాళీగా దింపాలని నిర్ణయించారు. అది దిగింది వినాయక చవితి రోజు పొద్దున మన గడియారం ప్రకారం తొమ్మిదిన్నర వేళ. వీధి చివర పందిట్లో మైకు మోగుతోంది. అనంతపురంలో ఇంజనీరింగులో చేరిన నా కూతురు సెలవుకు వచ్చి ఉంది. నౌక మెత్తగా, ఏ తప్పూ లేకుండా దిగింది. మనుషులుంటే వాళ్లూ క్షేమంగా దిగేవాళ్లే. అయినా, లోకమంతా నవ్వుతుందని తెలిసి కూడా, నమ్మకం లేనిచోట మనుషుల్ని కూర్చోబెట్టలేదు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. అది మెచ్చుకోలో, మా కోసం ఇలా ఎవరూ ఆగలేదన్న కసో చెప్పలేను.

ఆ మధ్యాహ్నమే అన్న వచ్చి నన్ను వసారాలోకి పిలిచాడు. కరస్పాండెంటు పెనుకొండ దగ్గర, ఎర్రమంచి వైపు హైవే పక్కన కొత్త క్యాంపసు కడుతున్నాడట. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల పిల్లల కోసం. అందులో "స్పేస్ పార్కు" అని ఒకటి. నలభై అడుగుల టవరు, ముగ్గురు కూర్చునే క్యాప్సూల్, తాడు చుట్టే వించి యంత్రంతో పైకి లాగి వదిలితే జర్రున దిగి కింద బ్రేకు పడి ఆగుతుందట. వెల్డింగు పనికి అన్నను పిలిచారు. నేను అతని చెల్లెలినని వాళ్లకు తెలియదు. అన్న వెళ్లి చూశాడు.

"వించి యాడిదో తెల్సా మ్మే? మూతపడిన గ్రానైటు క్వారీది," అన్నాడు. "బ్రేకు లైనింగు అరిగిపోయి ఉండాది. మార్చల్ల అని చెప్పినా. పని ఇంకొకరికి ఇచ్చుకున్యారు. నవంబరులో బాలల దినోత్సవం నాడు ఓపెనింగంట. మొదట ఆయనే ఎక్కుతాడంట, పేపర్లో పడల్లని."

నేను సరే అని లోపలికి వచ్చేశాను. ఎవరికీ చెప్పవద్దని అన్నతో అన్నాను.

ఆ తర్వాతి నెల రోజులు నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు. ట్యూషను పిల్లల మీద కోప్పడలేదు. వంటలో ఉప్పు సరిగ్గా పడింది. రోజూ పనంతా అయ్యాక కాసేపు కూర్చుని, ఆ టవరు మీద ఆయన్ను ఎక్కించి, బెల్టు పెట్టి, వదిలేదాన్ని. నేనేమీ చేయనవసరం లేదు. ఎవరినీ తోయనవసరం లేదు. నోరు మూసుకుంటే చాలు. నా నోరు మూయించిన మనిషికి నా మౌనమే తిరిగి ఇస్తున్నానని అనుకున్నాను.

దసరా సెలవులకు వచ్చిన నా కూతురికి మేనమామ నోరు జారాడు. ఆ పిల్ల నేరుగా వంటింట్లోకి వచ్చింది. నీకు ముందే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. ఆయన పడితే పడనీ అన్నాను. నాకు నీతులు చెబుతుందేమోనని, వెంటనే కోపం కూడా తెచ్చుకుని సిద్ధంగా నిలబడ్డాను. పీట లాక్కుని కూర్చుంది. కాలు చాపుకుంది.

"ఆయన లోపలుంటే ఏం చూస్తాడు మా?" అంది. "నాకైతే ఏం కనపడల్యా. ఊగింది, చీకటైంది, అంతే. నువ్వు చూసినావు. బయట నిలబడి చూసినోల్లకే అది రోజూ పడతాంటుంది. ఆయన బయట నిలబడి చూడల్ల."

నేను కూర తిప్పడం ఆపేశాను.

"ఇంకోటి," అంది. "ఆ పొద్దు ఆయన ఎక్కినప్పుడు ఏం కాకుండా దిగినాడనుకో. రెండో దఫా పిల్లోల్లు ఎక్కుతారు."

ఈ రెండో మాట నాకు నెల రోజుల్లో ఒక్కసారీ తట్టలేదు. పగలో అంత మునిగిపోయాను. కానీ నిజం చెప్పాలంటే నన్ను కదిలించింది రెండో మాట కాదు, మొదటిదే. ఆయన బయట నిలబడి చూడాలి. ఐదేళ్లలో నాకు తట్టిన శిక్షలన్నింటికంటే అది బాగుంది.

మరుసటి వారమే ఇద్దరం రైల్లో పెనుకొండకు వెళ్లి రెవెన్యూ డివిజను ఆఫీసులో అర్జీ ఇచ్చాం. నా కూతురే టైపు చేసింది. పాత కేసు సంగతి ఒక్క ముక్క రాయలేదు. వించి ఎక్కడిదో రాశాం. మనుషులు ఎక్కే ముందు ఆ క్యాప్సూల్‌ను ముగ్గురి బరువుకు ఒకటిన్నర రెట్లు ఇసుకతో, మూడుసార్లు, ఇంజనీరు సమక్షంలో దింపించాలని కోరాం. అధికారిణి చిన్న వయసు మనిషి. అర్జీ రెండుసార్లు చదివి, మూడుసార్లు ఎందుకని అడిగింది. ఒకసారి బాగా దిగితే అది అదృష్టం కావచ్చు అని చెప్పాను. ఖాళీగా వెళ్లిన నౌకల కథ మొత్తం ఆమెకు చెప్పాను. చవితి రోజున ఖాళీగా దిగిన నౌక వీడియో నా కూతురు ఫోనులో చూపించింది. పిల్లలున్న దగ్గర ఇంతమాత్రం అడగడం తప్పు కాదని చెప్పి, ఆమె ఉత్తర్వు రాయించింది.

కరస్పాండెంటు ఆ ఉత్తర్వును కూడా సొమ్ము చేసుకోవాలని చూశారు. పరీక్ష ముందే చేసుకుని ఉండవచ్చు. అలా కాకుండా ఓపెనింగు రోజు ఉదయమే, తల్లిదండ్రుల ముందే, అతిథుల ముందే చేస్తానని, మా స్కూల్లో భద్రత ఎలా ఉంటుందో అందరూ చూడాలని ప్రకటించారు. అర్జీ ఇచ్చింది ఎవరో ఆయన కనుక్కోలేదు. అర్జీలు ఇచ్చేవాళ్లను పట్టించుకునే అలవాటు ఆయనకు లేదు.

బాలల దినోత్సవం నాడు మేం మొదటి బస్సుకే చేరాం. ఆవరణలో ఎర్ర తివాచీ, వరుసలుగా కుర్చీలు, కొండ వైపు టవరు, దాని కింద వించి దగ్గర ఇంజనీరు, ఉత్తర్వు రాయించిన అధికారిణి. క్యాప్సూల్‌కు ఈసారీ వెండి రంగే. ముందు వరుసలో కూర్చున్నాం. ఆయన నీలం సూటులో అందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చి మా ముందు ఆగారు. ముందు నన్ను గుర్తుపట్టారు, తర్వాత నా కూతుర్ని. చూపు ఆ పిల్ల కాలి మీదికి పోయి వెంటనే వెనక్కి వచ్చింది. బాగున్నావా అమ్మా అన్నారు. బాగున్నామని, చూడడానికి వచ్చామని చెప్పాను.

ఇసుక మూటలు సీట్లకు కట్టారు. క్యాప్సూల్ పైకి వెళ్లింది. వదిలారు. జర్రున దిగి, తివాచీకి ఒక గజం పైన మెత్తగా ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నా వైపు చూసి నవ్వారు. రెండోసారీ అలాగే దిగింది. ఇంజనీరు మాత్రం వించి దగ్గర ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, ఏదో కాలుతున్న వాసన వస్తోందట. ఆయన మైకు తీసుకుని, అతిథులకు ఆలస్యమవుతోంది, ఇక చాలు, ఇప్పుడు నేనే ఎక్కుతానని చెప్పి రెండడుగులు ముందుకు వేశారు. జనం ఈలలు వేశారు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఎక్కనీ, ఎక్కనీ అని అది అంటున్నట్టే ఉంది. అబద్ధం రాయను. ఆ క్షణంలో నేను లేచి ఆపలేదు. ఆపింది అధికారిణి. ఉత్తర్వులో మూడుసార్లని ఉంది, మూడోది కానివ్వండి అంది.

మూడోసారి క్యాప్సూల్ పైదాకా వెళ్లి, వదిలిన తర్వాత ఆగలేదు. వించి నుంచి గీరుకున్న చప్పుడు ఒకటి వచ్చింది, అంతే. నలభై అడుగుల ఎత్తు నుంచి వచ్చి తివాచీ మీద పడి, అడుగుభాగం లోపలికి నొక్కుకుపోయి, తలుపు ఊడి, చిరిగిన మూటల్లోంచి ఇసుక ఆయన బూట్ల దాకా పారింది.

నేను క్యాప్సూల్ వైపు చూడలేదు. ఆయన ముఖమే చూస్తున్నాను, అందుకే వచ్చాను కాబట్టి. రంగు పోయింది. చెయ్యి తన తొడను తానే పట్టుకుంది, ఎడమ తొడ. అది ఆయనకు తెలియకుండానే జరిగిందనుకుంటాను. నాకు కలిగింది ఆనందమే. దాని పేరు మార్చను.

కాసేపటికి ఆయన తేరుకున్నారు. అలాంటివాళ్లు తేరుకుంటారు. మైకు ఎత్తి, దేవుడు మనల్ని కాపాడాడని మొదలుపెట్టారు. అప్పుడు నా కూతురు లేచింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా ఇసుక మీద నడిచి వెళ్లి, మైకు ఇవ్వమని చెయ్యి చాపింది. అంతమంది ముందు ఇవ్వకుండా ఉండలేకపోయారు.

"ఐదేండ్ల కింద హిందూపురంలో ఈ సార్ స్కూల్లో ట్యాంకు పడింది. అందులో ఉండింది నేనే," అంది. గొంతు పెంచలేదు. "మా అమ్మ నన్ను ఎక్కించల్యా. గేటు కాడ ఉండింది. ఎక్కమని చెప్పింది ఈ సార్. మా అమ్మే ఎక్కించిందని కాగితం రాసుకున్యారు. ఆ కాగితం అబద్ధం. ముందు ఖాళీగా పంపండి అని మా అమ్మ ఆ పొద్దే చెప్పింది."

మైకు ఆయన చేతికే తిరిగి ఇచ్చి వచ్చి నా పక్కన కూర్చుంది. వెనక వరుసల్లో తల్లిదండ్రులు లేచి పిల్లల చేతులు పట్టుకుని బయటికి నడవడం మొదలుపెట్టారు. ఆ నడక ఎంతసేపు సాగిందో అంతసేపూ ఆయన అక్కడే నిలబడి చూశారు.

స్పేస్ పార్కుకు అనుమతి రద్దయింది. టవరును ముక్కలు చేసి తీసుకుపోయారు. పాత కేసు మీద మళ్లీ విచారణ వేశారు. సంతకాలు పెట్టిన పదకొండు మందిలో నలుగురు నిజం చెప్పారు. మొదట చెప్పింది డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం పోతుందని భయపడ్డానమ్మా అని నా ముందు చేతులు జోడించారు. నాకూ అప్పుడు ఉద్యోగమే ఉండింది, నాకూ ఒక్క జీతమే ఉండింది అని చెప్పి వచ్చేశాను. ఆయన్నూ క్షమించలేదు. స్కూళ్లు రెండూ నడుస్తూనే ఉన్నాయి, పిల్లలు తగ్గారంతే. ఆయన జైలుకు వెళ్తారన్న నమ్మకం నాకు లేదు. స్పేస్ స్టేషన్‌లో ఉండిపోయిన ఆ ఇద్దరూ మార్చిలో మొదటి కంపెనీ నౌకలో క్షేమంగా దిగారు. ఆ కబురు నా కూతురే హాస్టలు నుంచి ఫోను చేసి చెప్పింది.

మొన్న విచారణకు పెనుకొండ ఆఫీసుకు వెళ్తే వరండాలో ఒకటే బల్ల ఉంది. ఆయన ఒక చివర, నేను ఒక చివర. ఫ్యాను లేదు. మనిషి చిక్కిపోయారు. నా వైపు తిరగకుండానే మాట్లాడారు.

"పరువు పాయ, పేరు పాయ. ఇంకా ఎన్నాల్లమ్మా ఈ కక్ష?"

"మీకు తెలుసు కదా సార్ ఆ అమ్మాయి ఎట్ల నడుస్తాదో," అన్నాను. "అట్ల నడిచినన్నాల్లు."

లోపలి నుంచి అటెండరు వచ్చి ముందు నన్ను పిలిచాడు. చీర సర్దుకుని, ఫైలు తీసుకుని లోపలికి వెళ్లాను.